నాలుగు రోడ్లు, నాలుగు ప్రశ్నలు

పిల్లలూ! కొత్త ఊరు వెళితే మీరు మొట్టమొదట ఏం చూస్తారు? కోట ఉంటే కోట చూస్తారు. గుడి ఉంటే గుడి చూస్తారు. నేను మటుకు ఆ ఊరివాళ్ళు పొద్దున్నే ఏం తింటున్నారో చూస్తాను. ఎందుకంటే, కోట కట్టినవాళ్ళు ఏనాడో పోయారు. వాళ్ళను మనం ఏమీ అడగలేం. దోసె పోసేవాడు ఎదురుగానే ఉంటాడు. అడిగితే జవాబు చెబుతాడు.

ఈ నెల మనం హైదరాబాదు వెళదాం. అయితే చార్మినారుకు కాదు, గోలకొండకూ కాదు. వాటిని గురించి మీరు పాఠాలలో చదివే ఉంటారు. మనం వెళ్ళేది నగరానికి తూర్పున ఉన్న ఉప్పల్, నాచారం అనే పేటలకు. 2019లో యునెస్కో సంస్థ, మంచి వంటకు పేరుపడిన ప్రపంచ నగరాల పట్టికలో హైదరాబాదును చేర్చింది. హైదరాబాదు వంట అనగానే చాలామందికి బిర్యానీ ఒక్కటే జ్ఞాపకం వస్తుంది. కాని లక్షలాది జనం రోజూ మూడు పూటలా బిర్యానీ తింటారా? తినరు గదా! మరి ఏం తింటారు? ఎక్కడ తింటారు? అది తెలుసుకోవాలంటే పెద్ద పెద్ద హోటళ్ళు ఉన్న చోటికి కాదు, జనం పనికి పోయే దారికి వెళ్ళాలి. ఉప్పల్ అటువంటి దారి.

బయలుదేరే ముందు నాలుగు వస్తువులు సర్దుకోండి: ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు, ఇంటినుంచి తెచ్చుకున్న మంచినీళ్ళ సీసా, ఖాళీ కడుపు. అమ్మనో నాన్ననో కూడా వెంట తీసుకు రండి. డబ్బు సంగతి వాళ్ళు చూసుకుంటారు!

ఇదుగో, ఉప్పల్ చౌరస్తా. ఇక్కడ నాలుగు రోడ్లు కలుస్తాయి. ఒకటి తూర్పుగా భువనగిరి మీదుగా వరంగల్లుకు పోతుంది. ఒకటి నాగోలు వైపుకు, ఒకటి సికిందరాబాదుకు, మరొకటి రామంతపూర్, అంబర్‌పేటల మీదుగా పాతనగరం వైపుకు పోతాయి. పైన మెట్రో రైలు. అది 2017 నవంబరులో మొదలయింది. ఈ చౌరస్తా దాటటం ఒకప్పుడు పెద్ద సాహసం. 2023 జూన్‌లో రోడ్ల మీదుగా ఆకాశంలో వేలాడే కాలిబాట ఒకటి కట్టారు. దాని పొడవు సుమారు 660 మీటర్లు. ఆ బాట ఎక్కి నిలబడితే కింద ఊరంతా చెయ్యి చాపినట్టు కనిపిస్తుంది.

ఈ ఊరి అసలు పేరు ఉప్పల్ కలాన్. ‘కలాన్’ అంటే పారశీక భాషలో ‘పెద్ద’ అని అర్థం. మూసీనది వైపున ఉన్న భాగాన్ని ఉప్పల్ భగాయత్ అంటారు. ‘భగాయత్’ అంటే తోటల భూమి అన్నమాట. అంటే, మనం నిలబడి ఉన్న ఈ సిమెంటు ఊరు ఒకప్పుడు పొలాలూ, తోటలూ ఉన్న పల్లె. పల్లె పోయింది గాని పేరు పోలేదు.

నాలుగు రోడ్లున్నవి గనక మనం నాలుగు ప్రశ్నలు పెట్టుకుందాం. ఏ వస్తువు తినబోయినా, తాగబోయినా ఈ నాలుగూ అడగాలి: ఎలా చేశారు? ఎక్కడిది? ఎవరు చేశారు? ఎప్పుడు చేశారు? నోటుపుస్తకంలో నాలుగు గడులు గియ్యండి. ఇక పోదాం పదండి.

పొద్దున ఏడు గంటలు. బస్సులకోసం ఎదురు చూసేవాళ్ళు టిఫిను బండి చుట్టూ మూగి ఉన్నారు. ఇడ్లీ పళ్ళాలలోనుంచి ఆవిరి లేస్తున్నది. ఒక ప్లేటు తీసుకోండి. పల్లీల పచ్చడి కొంచెం కారం. నోరు కాలేను, ఊదుకుని తినండి! తింటూ మొదటి ప్రశ్న అడుగుదాం: ఎలా చేశారు?

మినపపిండి, బియ్యపు రవ్వ కలిపి రాత్రంతా ఉంచుతారు. ఆ పిండిలో కంటికి కనపడని సూక్ష్మజీవులు పనిచేసి, దాన్ని కొంచెం పులియబెట్టి, బొగ్గుపులుసు వాయువును పుట్టిస్తాయి. మినపపిండి జిగురుగా ఉంటుంది గనక ఆ వాయువు బయటికి పోలేక చిన్న చిన్న బుడగలుగా అందులోనే చిక్కుకుంటుంది. ఆవిరి తగలగానే బుడగలు ఉబ్బుతాయి. ఇడ్లీని విరిచి చూడండి. దూదిలాగా కనిపించే ఆ సన్నని రంధ్రాలన్నీ ఆ బుడగల ఇళ్ళే. రాత్రి మీరు నిద్రపోతున్నప్పుడు మీ ఉదయపు ఫలహారంకోసం కోట్లాది కూలీలు పనిచేశారన్నమాట!

మరి ఆ పిండి రుబ్బింది దేనితో? రాతితో. ఇప్పుడు కరెంటుతో తిరిగే గ్రైండర్లో కూడా లోపల ఉన్నది రాతి గుండే. హైదరాబాదు చుట్టూ గుట్టలు గుట్టలుగా ఉన్న నల్లసేనపు రాళ్ళను, బూడిదరంగు రాళ్ళను మీరు చూసే ఉంటారు. ఆ గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూమి లోపలి సంగతులు శోధించే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో ఏర్పడింది. అది ఈ ఉప్పల్ రోడ్డు మీదనే ఉన్నది. దాని పేరున ఒక మెట్రో స్టేషను కూడా ఉన్నది. మనం ఇప్పుడు రైలెక్కి ఆ స్టేషను దాటి, హబ్సిగూడ దాటి, తార్నాకలో దిగుదాం.

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. మనం తినే వస్తువులలో ఏమేమి ఉన్నవో కొలిచి చెప్పే చోటు ఇది. ఈ సంస్థవారు 2017లో అచ్చువేసిన పట్టికలలో మన దేశపు ఆహార వస్తువులు 528 ఉన్నవి. జొన్నలో ఎంత ఇనుము ఉన్నది, నువ్వులలో ఎంత సున్నం ఉన్నది, అన్నీ అందులో రాసి ఉంటాయి.

ఈ సంస్థ పుట్టుక చిన్నకథలాగా ఉంటుంది. 1918లో మెక్‌కారిసన్ అనే డాక్టరు నీలగిరి కొండల్లోని కూనూరులో, ఒకే ఒక గదిలో, బెరిబెరి జబ్బును గురించి పరిశోధన మొదలుపెట్టాడు. ఆ జబ్బు వస్తే కాళ్ళలో సత్తువ పోతుంది, ఒళ్ళు వాస్తుంది, గుండె దెబ్బతింటుంది. ఆ ఒక్క గదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదు చేరుకున్నది.

బెరిబెరి గుట్టు మొదట దొరికింది మనుషుల దగ్గర కాదు, కోళ్ళ దగ్గర! జావాద్వీపంలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు ఉండేవాడు. ఆయన పెంచే కోళ్ళు ఉన్నట్టుండి కాళ్ళు తడబడి పడిపోసాగాయి. కొన్నాళ్ళకు వాటంతట అవే బాగుపడ్డాయి. విచారిస్తే తేలిన దేమిటంటే, అంతకు ముందు కోళ్ళకు మిలిటరీ ఆస్పత్రి వంటింట్లో మిగిలిన తెల్లటి పాలిషు బియ్యపు అన్నం పెడుతున్నారు. కొత్తగా వచ్చిన వంటవాడు, మిలిటరీవారి బియ్యం వాళ్ళవి కాని కోళ్ళకు పెట్టటానికి వీల్లేదన్నాడు. అప్పటినుంచీ కోళ్ళకు తవుడు పోని ముతక బియ్యం పెట్టారు. అవి కోలుకున్నాయి! తవుడులో బి1 విటమిను ఉన్నదనీ, బియ్యం తెల్లగా మెరిసేలాగా మరపడితే అది పోతుందనీ తరవాత తెలిసింది. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వంటవాడికి ఏమీ రాలేదు, పాపం!

చూశారా? బియ్యం ఒకటే. మర పట్టిన తీరు వేరు. ఒక తీరు ప్రాణం నిలబెట్టింది, ఒక తీరు కాళ్ళు పడగొట్టింది. ‘ఎలా చేశారు?’ అని అడగటం ఊరికే కబుర్లకోసం కాదు.

పదకొండు గంటలయింది. పెద్దవాళ్ళకు చాయ్ మీదికి మనసు పోయి ఉంటుంది. తార్నాక, హబ్సిగూడ పక్కల ఇరానీ చాయ్ హోటళ్ళు ఉన్నవి. అక్కడ కూర్చుని రెండో ప్రశ్న అడుగుదాం: ఎక్కడిది?

ఇరానీ చాయ్ మన ఇంటి టీలాగా పాలూ, నీళ్ళూ, ఆకూ అన్నీ ఒక్కసారే మరిగించి చేసేది కాదు. ఒక పాత్రలో ఆకును మూతబెట్టి సన్నటి సెగ మీద చాలాసేపు ఉంచుతారు. వేరే పాత్రలో పాలు చిక్కబడేదాకా కాగుతూ ఉంటాయి. కప్పులో ముందు ఒకటి, దాని మీద రెండోది పోస్తారు. ఇరాన్ దేశంనుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు పెట్టిన హోటళ్ళలో ఈ చాయ్ మొదలయింది గనక ఆ పేరు. అయితే టీ మొక్క ఇరాన్‌ది కాదు. చీనాలో వేల ఏళ్ళుగా ఉన్నది. మన అస్సాం అడవులలోనూ ఉన్నది. పాలు ఇక్కడి గేదెలవి. కప్పు పక్కన పెట్టిన ఉప్పు-తీపి బిస్కత్తు పేరు ఉస్మానియా. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరున వచ్చిందని చెబుతారు. తార్నాక పక్కనే ఉన్న విశ్వవిద్యాలయానికి కూడా ఆయన పేరే. అది కూడా 1918లోనే పుట్టింది.

ఒక్క చిన్న కప్పులో ఎన్ని దేశాలున్నవో లెక్కపెట్టారా? పిల్లలు మటుకు బిస్కత్తుతో సరిపెట్టుకోండి. భోజనానికి ముందూ వెనకా గంటసేపు టీ తాగవద్దని 2024లో వచ్చిన పోషకాహార సూచనలు చెబుతున్నవి. టీలోని వగరు పదార్థం, మనం తిన్న ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. పెద్దవాళ్ళకు ఈ సంగతి మెల్లగా, గౌరవంగా చెప్పండి!

హబ్సిగూడ చౌరస్తానుంచి ఉత్తరంగా పోతే నాచారం వస్తుంది. ఆటో ఎక్కుదాం.

నాచారం పారిశ్రామికవాడ. రకరకాల ఫ్యాక్టరీలు, వాటి చుట్టూ కార్మికుల కాలనీలు, కార్మికుల కోసమే ఏర్పడిన ఈ.ఎస్.ఐ. ఆస్పత్రి. మధ్యాహ్నం ఒంటిగంటకు ఫ్యాక్టరీ గేట్ల దగ్గర నిలబడి చూడండి. కొందరు డబ్బా మూత తీసుకుని చెట్టు నీడన కూర్చుంటారు. డబ్బా తెచ్చుకోనివాళ్ళు బండ్ల దగ్గరికి వస్తారు. ఒక బండి మీద పప్పు, చారు, అన్నం. ఇంకో బండి మీద లవంగం, దాల్చినచెక్క, పుదీనా వాసన గుప్పుమంటున్న బగారా అన్నం. తెలంగాణాలో పెళ్ళికీ, పండక్కీ, చుట్టం వచ్చినప్పుడూ వండేది ఇదే. మరో చోట ఉత్తరాదివాళ్ళ పూరీలూ, ఆలూ కూరా. ఇక్కడ మూడో ప్రశ్న అడగాలి: ఎవరు చేశారు?

నేను ఒక బండి దగ్గర పూరీలు తింటూ, బండి ఆయనను, “మీదే వూరు?” అని అడిగాను.

“బరంపురం బాబూ,” అన్నాడాయన.

బరంపురం ఒడిశాలో ఉన్నది. అక్కడ తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. “తెలుగు ఎక్కడ నేర్చుకున్నారు?” అని అడిగాను పొరపాటున.

ఆయన నవ్వి, “నేర్చుకోవటమేమిటి బాబూ, మా అమ్మ మాటే తెలుగు! ఇక్కడికి వచ్చి నేర్చుకున్నది హిందీ. నా దగ్గర తినేవాళ్ళలో బీహారువాళ్ళు ఎక్కువ. వాళ్ళకు వాళ్ళ వూరి రుచి కావాలి. నేను బరంపురంవాణ్ణి, బీహారు రుచి చేస్తాను, తెలంగాణాలో అమ్ముతాను,” అన్నాడు.

ఆయన తెల్లవారుజామున నాలుగింటికి లేస్తాడట. పిండి కలిపేది ఆయన, కూర చేసేది ఆయన భార్య. ఆమె బండి దగ్గరికి రాదు. అందుచేత తినేవాళ్ళెవరూ ఆమెను ఎన్నడూ చూడలేదు. ‘ఎవరు చేశారు?’ అని అడిగితేనే ఆమె ఉన్నదని మనకు తెలుస్తుంది.

వినోదంలో కూడా ఇదే సంగతి. నాచారంలో 1976లో నటుడు ఎన్.టి. రామారావు రామకృష్ణ స్టూడియో నెలకొల్పారు. చిన్నతనంలో పోయిన తన కొడుకు పేరే దానికి పెట్టారు. మరుసటి ఏడు, 1977 సంక్రాంతికి, ఆయన ‘దానవీరశూర కర్ణ’ సినిమా విడుదలయింది. అందులో ఆయన కర్ణుడూ, దుర్యోధనుడూ, కృష్ణుడూ కూడా. దర్శకుడు కూడా ఆయనే. ఒక మనిషి మూడు వేషాలు వేసినందుకు మనం ఆశ్చర్యపోతాం. అయితే ఆ కిరీటాలు అతికినవాళ్ళు, దీపాలు మోసినవాళ్ళు, సైనికుల వేషాలు వేసిన వందలమందికి మధ్యాహ్నం అన్నం వండినవాళ్ళు కూడా ఉంటారు గదా! వాళ్ళు తెర మీద కనిపించరు. ఈసారి సినిమా అయిపోగానే లేచి పోకండి. చివర వచ్చే పేర్లు కొంచెం చదవండి.

ఇక నాలుగో ప్రశ్న. అది నేను ఒకసారి అడగటం మరిచిపోయాను. ఆ కథ చెబుతాను. నవ్వకూడదు మరి!

కొన్నేళ్ళ కిందట, మే నెలలో, ఇటువైపే ఒకచోట ఎండలో నడిచి నడిచి నాలుక పిడచకట్టుకు పోయింది. దారిలో పుచ్చకాయ ముక్కలు కనిపించాయి. ఎర్రగా, నిగనిగలాడుతున్నవి. సాయంత్రం నాలుగు గంటలు. ఒక గిన్నెడు తిన్నాను. ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఇంకొక గిన్నెడు తిన్నాను. ఆ రాత్రి మొదలుకొని మూడు రోజులు మంచం దిగలేదు. దిగినా ఎక్కడికి పరుగెత్తానో చెప్పనక్కరలేదు!

పుచ్చకాయ మంచిదే. కోసినవాడూ మంచివాడే. కాని ఆ ముక్కలు ఎప్పుడు కోశారని నేను అడగలేదు. పొద్దున పదింటికి కోసి ఉంటే ఆరు గంటలయిందన్నమాట. ఇప్పుడు ఒక లెక్క చెయ్యండి. వెచ్చదనం, తడి, తిండి దొరికితే కొన్ని రకాల సూక్ష్మజీవులు 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపవుతాయి. గంటకు మూడు రెట్టింపులు. ఆరు గంటలకు పద్దెనిమిది. కత్తి మీద ఒక్క క్రిమి ఉన్నదనుకోండి. 2, 4, 8, 16... అలా పద్దెనిమిదిసార్లు రెట్టించి చూడండి. ఎంత వచ్చింది? 2,62,144! రాత్రి ఇడ్లీపిండిలో మనకు కూలి చేసినవీ సూక్ష్మజీవులే. పగలు పుచ్చకాయలో నన్ను పడగొట్టినవీ సూక్ష్మజీవులే. జాతి వేరు, అంతే. పైగా ఇడ్లీని మరిగే ఆవిరిలో ఉడికించిన తరవాతగాని మనకు పెట్టరు. పుచ్చకాయకు ఆ ఆవిరి లేదు.

ఈ ప్రశ్న నా ఒక్కడిదే కాదు, ప్రభుత్వాలది కూడా. 2024 అక్టోబరులో తెలంగాణా ప్రభుత్వం, పచ్చిగుడ్లతో చేసే మయొనీస్ అనే తెల్లటి ముద్దను ఒక సంవత్సరంపాటు నిషేధించింది. పచ్చిగుడ్డులో ఉండగల క్రిములు దానిలో చావవు. అది వేడి చేయకుండా తినే వస్తువు గదా!

అంటే బండ్ల మీద ఏమీ తినకూడదా? అట్లా అని నేననటం లేదు. మన కళ్ళ ముందు పొయ్యిమీదనుంచి దిగినది, ఆవిరి పోకముందే తినండి. పండు కావాలంటే మన ఎదుట కోయించుకోండి. ఐసు ఎక్కడి నీళ్ళతో చేశారో తెలియకపోతే ఐసు లేకుండా ఇమ్మనండి. అడిగితే ఎవరూ కోప్పడరు. మంచి వంటవాడికి అడిగేవాళ్ళంటే ఇష్టం.

పొద్దు వాలింది. మళ్ళీ హబ్సిగూడ వచ్చి రైలెక్కి ఉప్పల్ చేరుకుందాం. సాయంకాలం ఉప్పల్ వేరే ఊరులాగా ఉంటుంది. దీపాలు వెలిగాయి. ఒకచోట గానుగ గిరగిర తిరుగుతూ చెరుకు రసం కారుతున్నది. ఎండాకాలమైతే వరంగల్లు రోడ్డు పక్కన తాటిముంజలు అమ్ముతారు. కాయను మన ఎదుటే కొడవలితో కొట్టి, వణికే ముంజెను వేలితో తీసి ఇస్తారు. నాలుగో ప్రశ్న అక్కడ అడగనే అక్కర్లేదు!

గోలీసోడా దొరికితే ఒకటి తాగండి. సీసా మెడలో గాజుగోలీ ఎట్లా వచ్చిందో ఆలోచించారా? లోపల ఒత్తిడితో నింపిన వాయువు గోలీని పైకి తోసి, సీసా నోటికి బిరడాలాగా బిగిస్తుంది. బొటనవేలితో నొక్కితే గోలీ కిందికి జారి, కీచుమని చప్పుడై, వాయువు బయటికి వస్తుంది. ఈ సీసాకు 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు పేటెంటు తీసుకున్నాడు.

ఆ పక్కనే మిరపకాయ బజ్జీలు. నూనెలో బంగారు రంగు తిరుగుతున్నవి. నాలుగు దేశాల కథ వీటిలో కూడా ఉన్నది. మిరపకాయ మనది కాదు, తెలుసా? అది అమెరికా ఖండపు కాయ. సుమారు 500 ఏళ్ళ కిందట పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన దేశానికి వచ్చింది. అంతకు ముందు మన తాతముత్తాతలు కారానికి మిరియాల వంటివి వాడేవారు. పల్లీలు కూడా ఆ ఖండంనుంచి వచ్చినవే. పొద్దున మనం తిన్న పచ్చడి జ్ఞాపకం ఉన్నదా? ‘మా ఊరి కారం’ అని మనం గొప్ప చెప్పుకునేది ఒకప్పుడు కొత్త చుట్టమే. బాగా చూసుకున్నాం గనక ఇంటిదయింది.

ఆఖరికి జొన్నరొట్టె. రోడ్డు పక్కన గొడుగు కింద పొయ్యి పెట్టుకుని ఒక పెద్దావిడ రొట్టెలు చేస్తున్నది. టప టప టప మని ఆమె చేతుల చప్పుడు బస్సుల చప్పుడులో కూడా వినిపిస్తుంది. జొన్న కొన్ని వేల ఏళ్ళ కిందట ఆఫ్రికానుంచి వచ్చి మన మెట్టపొలాలకు అలవాటుపడిన గింజ. గోధుమపిండిలో సాగే జిగురు ఉంటుంది, జొన్నపిండిలో ఉండదు. అందుకే చపాతీలాగా కర్రతో వత్తితే అంచులు విరిగిపోతాయి. వేడినీళ్ళతో కలిపి, బాగా మర్దించి, చేత్తో తట్టాలి. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో అద్దాలి. తిప్పివేసినప్పుడు లోపలి నీరు ఆవిరై రొట్టె పొంగుతుంది.

నేను చాలాసేపు చూస్తూ నిలబడితే ఆమె తలెత్తి, “ఏంది బిడ్డా, గట్ల చూస్తున్నవ్? రొట్టె జూడలేదా ఎన్నడు?” అన్నది.

“చూశానమ్మా. చెయ్యబోతేనే విరిగిపోతున్నది. పిండికి నీళ్ళెన్ని పొయ్యాలి?” అని అడిగాను.

“కొలతతోని గాదు బిడ్డా. చెయ్యి వెట్టి జూడాలె. పిండి నీ చేతికి చెప్తది. మా అత్త నాకు చెప్పలె, నేను నా కోడలికి చెప్పలె. తట్టంగ తట్టంగ వచ్చింది,” అన్నదామె.

ఆమెది యాదగిరిగుట్ట దగ్గర పల్లె. పొలంలో పండే జొన్న తిని పెరిగింది. ఇప్పుడు జొన్నపిండి కొనుక్కుని, పట్నంవాళ్ళకు రొట్టెలు చేసి అమ్ముతున్నది. షుగరు జబ్బువాళ్ళు ఎక్కువమంది కొంటారట. “మా కాలంల జొన్నరొట్టె అంటే పేదోళ్ళ తిండి. గిప్పుడు కార్లల్ల వచ్చి తీస్కపోతున్నరు!” అని ఆమె నవ్వింది.

ఇంతలో పెద్ద హోరు వినిపించింది. ఉప్పల్ స్టేడియంలో ఆట జరుగుతున్నది. రాజీవ్ గాంధీ అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం ఇక్కడికి ఒక్క మెట్రో స్టేషను దూరం. 2005లో ఇక్కడ మొదటి వన్‌డే, 2010లో మొదటి టెస్టు జరిగాయి. 2023 జనవరి 18న న్యూజీలాండు మీద శుభమన్ గిల్ 208 పరుగులు కొట్టింది ఇక్కడే. 2024 జనవరిలో ఇంగ్లండుతో టెస్టులో మనవాళ్ళు మొదటి ఇన్నింగ్సులో 190 పరుగులు ముందున్నారు. అందరూ గెలుపు మనదే అనుకున్నారు. ఇంగ్లండు ఆటగాడు ఓలీ పోప్ పట్టుదలగా నిలబడి 196 పరుగులు చేశాడు. ఆఖరికి మనం 28 పరుగుల తేడాతో ఓడిపోయాం!

టికెట్టు లేనివాళ్ళకు కూడా ఉప్పల్‌లో ఆట వినిపిస్తుంది. హోరు పెద్దదయితే నాలుగో, ఆరో పోయిందని తెలుసుకోవాలి. ఒక్కసారిగా నిశ్శబ్దం అయితే మనవాడు అవుటయినట్టు.

నేను రొట్టెల ఆవిడను, “ఇండియా గెలిచిన రోజు రొట్టెలు ఎక్కువ పోతాయా, అమ్మా?” అని అడిగాను.

ఆమె రొట్టె తిప్పివేస్తూ, “గెల్చినా ఓడినా మన్షికి ఆకలైతది గద బిడ్డా!” అన్నది.

రొట్టె బుస్సున పొంగింది. ఆమె దాన్ని కాగితంలో చుట్టి, పచ్చిమిరపకాయ పచ్చడి పక్కన పెట్టి నా చేతికిచ్చింది. చెయ్యి కాలింది. ఎప్పుడు చేశారని అడగవలసిన పనిలేదు. ఎవరు చేశారో ఎదురుగా ఉన్నది. ఎలా చేసిందో చూశాను. ఎక్కడిదో ఆమే చెప్పింది. నాలుగు గడులూ నిండినవి. అంత రుచిగల రొట్టె నేను అంతకు ముందు తినలేదు. ఆకలి మూలానేమో అనుకున్నాను. కాని మరునాడు కడుపునిండా ఉన్నప్పుడు జ్ఞాపకం తెచ్చుకున్నా నోరూరింది!

పిల్లలూ! మీరు ఉప్పల్ రాలేకపోయినా ఫరవాలేదు. మీ వీధి చివర కూడా ఒక బండి ఉంటుంది. మీ ఇంట్లోనే ఒక పొయ్యి ఉంటుంది. ఇవాళ రాత్రి అన్నానికి కూర్చున్నప్పుడు కంచంలో ఉన్న ఒక్క వస్తువును గురించి నాలుగు ప్రశ్నలూ అడగండి. మొదటి మూడింటికీ జవాబులు దొరికేసరికి అన్నం చల్లారిపోతుందేమో, చూసుకోండి. నాలుగో ప్రశ్న సంగతి మరిచిపోకూడదు గదా!